నగర శివారు లేఅవుట్‌లో ప్లాటు కొనే ముందు ఏం చూడాలి?

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక, దానికి ఇరువైపులా ఉన్న ఎన్నో గ్రామాల చేలు ప్లాట్లుగా మారాయి. అటువంటి కొత్త లేఅవుట్‌లో 200 గజాలు కొనాలనుకునే కుటుంబం బ్రోచరులోని పార్కు బొమ్మలను పక్కన పెట్టి, ఆ నేల అంతకుముందు ఏమిటో తెలుసుకోవాలి.

ముందుగా సర్వే నంబరు అడగండి. ప్లాటు నంబరుతో తీసిన ఈసీలో (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం) లేఅవుట్ వేసిన తరువాతి లావాదేవీలే కనిపిస్తాయి కనుక, సర్వే నంబరుతో కనీసం 30 ఏళ్లకు ఈసీ తీయించి, దానిని లింకు డాక్యుమెంట్లతోనూ (ఆ భూమి అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), పాత పహాణీలతోనూ (భూమి వివరాలుండే రెవెన్యూ రికార్డులు) సరిపోల్చాలి. పహాణీలో సర్కారీ, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి), శిఖం (చెరువు గర్భం) అన్న మాటల్లో ఏది కనిపించినా అక్కడితో ఆగిపోవడం మేలు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద ఉండే నిషేధిత జాబితాను కూడా చూడాలి.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతించే లేఅవుట్లలో రోడ్లు, మురుగు కాలువల వంటి పనులకు పూచీగా 15 శాతం ప్లాట్ల విస్తీర్ణాన్ని సంస్థకు తనఖా పెట్టిస్తారు. పనులు పూర్తయి తుది అనుమతి వచ్చాకే వాటిని విడుదల చేస్తారు కనుక, మీకు చూపిన ప్లాటు తనఖాలో ఉందేమో లేఅవుట్ ప్లానులో సరిచూసుకోండి. 500 చదరపు మీటర్లు మించిన భూమిలో వేసే ప్రాజెక్టును 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్టరు చేయకుండా ప్రకటించడానికి గానీ, బుకింగులు తీసుకోవడానికి గానీ వీలు లేదు. ‘ప్రీ లాంచ్ ధర’ అంటూ అంతకుముందే డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఎక్కువ సమయం వెచ్చించవలసింది మాత్రం నీటి దారిని తెలుసుకోవడానికే. తెలంగాణ చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టువి. పైచెరువు అలుగు పారితే ఆ నీరు కాలువల వెంట కిందిచెరువుకు చేరుతుంది. వేసవిలో ఎండిన చెరువు శిఖం మామూలు బీడులాగే కనిపిస్తుంది కాబట్టి, కంటితో చూసి నమ్మడానికి లేదు. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల వరకు, చిన్నవాటికి 9 మీటర్ల వరకు బఫర్ జోన్. అందులో ఇల్లు కట్టకూడదు. 2024లో, చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత జరిగిన కూల్చివేతల్లో, అనుమతి ఉందని నమ్మి కొన్నవారు కూడా నష్టపోవడం బాధ కలిగించే విషయం.

(‘నాలా’ అన్న మాట ఇక్కడ రెండు అర్థాల్లో వినిపిస్తుంది. అమ్మేవారు ‘నాలా అయింది’ అంటే, సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించారని మాత్రమే అర్థం. పక్కనుంచి వరదకాలువ వెళ్లడం లేదని కాదు.)

అందుకని గ్రామ నక్షా తెచ్చుకుని, అందులోని చెరువులను, వాగులను, కాలువలను లేఅవుట్ ప్లానుతో పోల్చండి. ఆ ఊళ్లో సేద్యం చేసిన పెద్దలను, అలుగు ఎటు పారేదో, తూము కింద ఎవరి పొలాలు ఉండేవో అడగండి. వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు మళ్లీ వెళ్లి, ప్లాటులోనే కాక, ఊరి నుంచి అక్కడికి వచ్చే దారిలోనూ నీరు ఎక్కడ నిలిచిందో చూసి, ఆ తరువాతే బయానా ఇవ్వండి.