ఐపీ అడ్రస్ దొరికింది, మరి మనిషి?

మోసపు ఈమెయిల్ కేసు ఏది వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: అసలు మెయిల్ ఇంకా ఇన్‌బాక్స్‌లో ఉందా? చాలామంది స్క్రీన్‌షాటో, ఫార్వర్డ్ చేసిన కాపీయో పంపుతారు. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే పాత హెడర్, అంటే మెయిల్ ఏ దారిలో వచ్చిందో చెప్పే సమాచారం, పోతుంది. జీమెయిల్‌లో అయితే ‘షో ఒరిజినల్’ నొక్కి ఈఎంఎల్ ఫైల్ (హెడర్‌తో సహా మొత్తం మెయిల్) దించుకోండి. వెంటనే దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) తీసి, ఎవరు, ఎప్పుడు తీశారో రాసిపెట్టండి. తర్వాత ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా హ్యాష్ పట్టిస్తుంది.

హెడర్‌లో ‘రిసీవ్‌డ్’ వరుసలు ఉంటాయి. ప్రతి సర్వర్ తన వరుసను పైన చేరుస్తుంది కాబట్టి మెయిల్ ప్రయాణం కింది నుంచి పైకి ఉంటుంది. కానీ అడుగు వరుసలను మోసగాడే రాసి ఉండొచ్చు. అందుకే నేను మన సర్వర్ రాసిన పై వరుస దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతాను. ఒక వరుసకూ దాని కింది వరుసకూ పొంతన కుదరకపోతే ఆ కిందివేవీ నమ్మను.

జీమెయిల్ వెబ్ నుంచి పంపితే పంపినవాళ్ల ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబర్) హెడర్‌లో కనిపించదు. అప్పుడు చట్టప్రకారం లాగిన్ రికార్డులు అడగాలి. ఈ రికార్డులు, అంటే లాగ్‌లు, ఎల్లకాలం ఉండవు, కాబట్టి వాటిని చెరపకుండా ఉంచమని ముందే లేఖ పంపండి.

ఇక టైమ్. ఇక్కడ మాత్రం దయచేసి తొందరపడకండి. లాగ్‌లో 23:40:12 -0700 అని ఉంటే, అది యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం) కంటే ఏడు గంటలు వెనకున్న టైమ్; యూటీసీలో అది మర్నాడు 06:40:12. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ -0700 వదిలేసి, అదే యూటీసీ అన్నట్టు ఇంటర్నెట్ కంపెనీకి రాశాను. ఏడు గంటల ముందు అదే ఐపీ వాడిన ఇంటివాళ్ల పేరు వచ్చింది. తలుపు తీసింది ఒక పెద్దావిడ. నా కాగితం చూసి ఆవిడ చేతులు వణికాయి. ఆ వణుకు నేనింకా మర్చిపోలేదు.

టైమ్ సరిగ్గా రాసినా చాలదు. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది పంచుకుంటారు. సోర్స్ పోర్ట్ నంబర్ (ఒకే ఐపీ మీదున్న కనెక్షన్లను వేరుచేసే నంబర్) కూడా ఇస్తేనే కంపెనీ ఒక్క కనెక్షన్‌ను విడదీయగలదు. ఐపీ, పోర్ట్, సెకన్లతో సహా యూటీసీ సమయం: మూడూ ఒకే వరుసలో రాయండి.

వచ్చిన పేరును నా నోట్స్‌లో ‘కనెక్షన్ యజమాని’ అనే రాస్తాను. వైఫై ఇంకెవరు వాడుతున్నారు, రౌటర్‌లో ఏ పరికరాలు నమోదయ్యాయి, వీపీఎన్ (అసలు ఐపీని దాచే సేవ) ఉందా అన్నవి చూసేదాకా ‘నిందితుడు’ అన్న గడి ఖాళీగానే ఉంటుంది.