చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా? తోమడం ఆపకండి

హైదరాబాద్ మలక్‌పేటలో నాది చిన్న పళ్ళ క్లినిక్. "బ్రష్ చేస్తే రక్తం వస్తోంది మేడమ్, అందుకే ఆ పక్క తోమడం మానేశా" అనేవాళ్ళు తరచూ వస్తారు. నోరు తెరిపించి చూస్తే సరిగ్గా ఆ పక్కనే గార ఎక్కువగా ఉంటుంది. పన్నూ చిగురూ కలిసే చోట పాచి నిలిస్తే చిగురు వాస్తుంది. వాచిన చిగురుకు ఏది తగిలినా రక్తం వస్తుంది. పాచి తీస్తేనే అది ఆగుతుంది.

మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ తీసుకోండి. దాన్ని చిగురు అంచు మీద 45 డిగ్రీలు వాల్చి, ఉన్నచోటే చిన్నగా ఆడిస్తూ రెండు మూడు పళ్ళ చొప్పున ముందుకు జరపండి. బండకేసి బట్టలు ఉతికినట్టు రుద్దితే చిగురు కిందికి జారిపోతుంది. కింది ముందు పళ్ళ వెనక వైపు అసలు మర్చిపోవద్దు. లాలాజలం ఊరేది అక్కడే కాబట్టి గార ముందు అక్కడే కడుతుంది. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. పొద్దున అందరూ తోముతారు, ఎగ్గొట్టేది రాత్రిదే. నన్నడిగితే రాత్రిదే ముఖ్యం.

పళ్ళ సందుల్లోకి బ్రష్ వెళ్ళదు. అక్కడ ఫ్లాస్ అనే సన్నటి దారం వాడండి, సందులు పెద్దవైతే సందుల్లో పట్టే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్. పిన్నీసులు, అగ్గిపుల్లలు వద్దు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, అంతే. పాచిని అది ఊడదీయదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలి, ఎక్కువైతే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవడం మాత్రం దండగ.

ఇలా చేస్తే తొలి దశ వాపు రెండు వారాల్లో బాగా తగ్గాలి. తగ్గలేదంటే పాచి గట్టిపడి గార కట్టిందన్నమాట. అది ఇంట్లో పోదు, డాక్టర్ దగ్గర స్కేలింగ్, అంటే గార తీసే క్లీనింగ్, చేయించాల్సిందే. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయట కదా?" ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. పన్నును పట్టి ఉంచే ఎముక కరిగి పన్ను అప్పటికే వదులై ఉంటుంది, గార అడ్డుగా ఉండి తెలియదు, అంతే తేడా. కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకు జివ్వుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

చిగురుకూ పన్నుకూ మధ్య లోతు కొలిపించుకోండి. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. అంతకు మించి లోతుగా ఉంటే మత్తు ఇచ్చి పన్ను వేరు దాకా శుభ్రం చేస్తారు, అప్పటికీ తగ్గకపోతే చిన్న ఆపరేషన్. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవడమే మన పని. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి.

షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా చెడతాయి. సిగరెట్ తాగేవాళ్ళకు రక్తం తక్కువగా వస్తుంది, అందుకే రోగం ముదిరేదాకా తెలియదు. గుట్కా, జర్దా పాన్ సంగతి చెప్పక్కర్లేదు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్ళలో కొందరికి చిగుళ్ళు పెరుగుతాయి. మాత్ర సొంతంగా ఆపకుండా డాక్టర్‌ను అడగండి.

ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్ళండి. షుగర్ రిపోర్టు, వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి. చీము, జ్వరంతో పాటు దవడ వాస్తే మాత్రం ఎక్కడైనా సరే, అదే రోజు చూపించుకోండి.