ఊరి పని నేర్చుకుందాం – మూడో పాఠం: అర్జీ రాయడం

కిందటి పాఠంలో మీ వీధి నుంచి ఊరి చివరి దాకా నడిచి, కనబడిన సమస్యలన్నీ రాసుకోమన్నాను. ఇప్పుడు ఆ జాబితాలో ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయండి. చేయి రాదు, తెలుసు. టీవీ చర్చలు, వాట్సాప్ గొడవలు చూసి విసుగెత్తినప్పుడు మనసు పెద్ద సమస్యల మీదకే పోతుంది. వాటికి జవాబు చెప్పే అధికారి మన మండలంలో ఉండడు. పూడిపోయిన డ్రెయిన్‌కు ఉంటాడు. అందుకని ఈ పాఠం మొత్తం డ్రెయిన్ మీదే.

ముందు అది ఎవరిదో తేల్చుకోవాలి. కోనసీమలో చాలాచోట్ల ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క మురుగు కాలువ, మధ్యలో రోడ్డు కనిపిస్తాయి. పంట కాలువా, పొలాల మురుగు కాలువా రెండూ జలవనరుల శాఖవే, కానీ చూసే విభాగాలు వేరు. రోడ్డు పంచాయతీరాజ్‌ది కావచ్చు, ఆర్ అండ్ బీది కావచ్చు. ఇళ్ల మధ్య పారే మురుగు పంచాయతీది. తప్పు ఆఫీసులో ఇస్తే "ఆయ్, అది మాది కాదండి" అంటారు, నెల పోతుంది. అనుమానముంటే లాకుల దగ్గర లస్కర్ని, అంటే కాలువ తలుపులు ఎత్తి దించే మనిషిని అడగండి. ఆఫీసు బోర్డు చదివి తెలుసుకునేదానికన్నా అదే నయం.

తర్వాత అదను చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ డెల్టా బతుకు కాలువలకు నీళ్లు వదలడం, కట్టేయడం చుట్టూనే తిరుగుతోంది. పూడిక తీసేది వేసవిలో, కాలువలు కట్టేశాక. ఆ పనుల అంచనాలు అంతకు ముందే తయారవ్వాలి. అందుచేత కనుమ వెళ్లగానే అర్జీ పెట్టండి. నీళ్లు వదిలాక అడిగితే మహా అయితే గుర్రపుడెక్క తీయిస్తారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం పాటించారు, అంటే కావాలనే నాట్లు వేయకుండా పొలాలు వదిలేశారు. వాళ్లు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు మురుగు దిగకపోవడం కూడా ఉంది. అప్పుడు ఆ కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. విషయం కమిటీ దాకా వెళ్లకముందే మన కాగితం ఆఫీసులో ఉండాలి.

ఇక రాత. "మా ఊళ్లో డ్రైనేజీ అధ్వానంగా ఉంది, పట్టించుకునే నాథుడు లేడు" అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఇలా రాయండి:

"రామాలయం వెనక తూము దగ్గర డ్రెయిన్ సుమారు రెండు వందల అడుగుల మేర పూడిపోయింది. వాన పడితే ఎగువ పొలాల్లో నీరు మూడు నాలుగు రోజులు దిగడం లేదు. వేసవి పనుల్లో ఈ భాగం పూడిక తీయించవలసిందిగా కోరుతున్నాము."

చోటు, కొలత, నష్టం, కోరిక. అంతకు మించి ఒక్క ముక్క వద్దు, ముఖ్యంగా పాత సర్పంచి గురించి. కింద ఆ పొలాల రైతుల సంతకాలు, కౌలు రైతులవి తప్పకుండా. నీళ్లు నిలిస్తే మునిగేది వాళ్లే, అర్జీల్లో కనబడనిదీ వాళ్లే. ఫోన్‌లో తీసిన ఫొటో ప్రింటు ఒకటి జత చేయండి.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్లండి. రెండో దాని మీద తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరు వస్తుంది, అది దాచుకోండి. ఒక్కరే వెళ్లకండి, ముగ్గురు చాలు. పది మంది వెళ్తే ధర్నా అనుకుంటారు. "మీరు ఏ పార్టీ?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "ఆ తూము కింద పొలాల వాళ్లమండి" అనండి. మీకు ఓటు ఎవరికి వేసే అలవాటున్నా సరే, ఆ రోజు మెడలో కండువా ఉండకూడదు.

పని ఒక్క అర్జీతో అయిపోతుందని చెప్పను. చాలాసార్లు అవ్వదు. అప్పుడు ఆ ముద్ర పడిన కాపీ పనికొస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారో చూపే కాగితాల నకళ్లు అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. సమాధానానికి గడువు 30 రోజులు. "ఎందుకు చేయలేదు" అని కాకుండా కాగితాలు ఎలా అడగాలో నాలుగో పాఠంలో చూద్దాం.

ఈలోగా అభ్యాసం: మీరు ఎంచుకున్న సమస్యకు అర్జీ రాసి, ఆ చోటు ఎప్పుడూ చూడని వాళ్లకు ఇవ్వండి. వాళ్లు అది చదివి, మిమ్మల్ని ఏమీ అడగకుండా నేరుగా అక్కడికి వెళ్లగలగాలి. దారి తప్పితే మళ్లీ రాయండి.