అన్నిటికీ "సరేనండి" అంటారు, మళ్లీ వెళ్తే ఏదీ మారి ఉండదు: లోపం ఎక్కడ వెతకాలి

ఇళ్లకు వెళ్లి చిన్నపిల్లల తల్లిదండ్రులతో మాట్లాడే పనిలో ఉన్నవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. చెప్పినంతసేపూ తల ఊపుతారు, తర్వాతి విజిట్‌కి వెళ్తే అంతా ఎప్పటిలాగే ఉంటుంది. చెప్పిన టైముకి వెళ్లడం, మర్యాదగా పలకరించడం, ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో మాట్లాడకపోవడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు ఇది చూసుకోండి

"అర్థమైందా?" అని అడిగి లేచి వచ్చేశారా? అయితే మిగతా కారణాలు వెతకడం తర్వాత. ఆ ప్రశ్నకు ఎవరైనా "ఆ, అర్థమైంది" అనే అంటారు. కాలేదని చెప్పడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది? పరీక్ష పెట్టినట్టు కాకుండా, భారం మీ మీదే వేసుకుని అడగండి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుందామని అడుగుతున్నాను, ఈ మందు ఎప్పుడు, ఎంత వేయాలని ఇంట్లోవాళ్లకు చెప్తారు?" ఆ తల్లి చెప్పేదాంట్లో తేడా కనబడితే మీ మాటలు మార్చి మళ్లీ చెప్పాలి, అవే మాటల్ని గొంతు పెంచి చెప్పడం కాదు. నిమిషం కూడా పట్టని పని ఇది, అయినా ఎంత చెప్పినా జనం వదిలేసేది దీన్నే, వదిలేసి "ఈ తల్లికి చదువు లేదండీ" అని నా దగ్గరికి వస్తారు.

పనిలో పనిగా, ఆ రోజు ఎన్ని విషయాలు చెప్పారో కూడా లెక్కేసుకోండి. రెండు దాటితే మూడోది గుర్తుండదు.

అర్థమైంది, తిరిగి చెప్పింది కూడా, అయినా చేయట్లేదు

అసలు దొంగ ఇక్కడే ఉంటాడు, బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడే దెబ్బ తింటారు. కారణం ఏమిటంటే, మీరు అడగకముందే చెప్పేశారు. గదిలోకి అడుగుపెట్టగానే కళ్లకు తప్పు కనిపిస్తుంది, దాన్ని సరిచేయాలని నోరు ఊరుకోదు. మారడానికి కారణాలు మనం చెప్పకుండా అవతలి మనిషి నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి ఒకటుంది, పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. అందులో దీన్ని "సరిదిద్దే తొందర" అంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ ఆ పద్ధతి గురించి మొదట 1983లో రాసింది మద్యం సమస్య ఉన్నవాళ్లతో మాట్లాడే తీరు గురించి, కానీ పిల్లల పెంపకం దగ్గరా మనుషులు అలాగే ఉంటారు. రెండు మనసుల్లో ఉన్న మనిషి ముందు మీరు ఒక పక్క పట్టుకుని వాదిస్తే, ఆ మనిషికి మిగిలేది రెండో పక్కే. కాస్త మొండివాళ్లైతే ఆ రెండో పక్క మీకు వినిపిస్తారు, అది నయం. మర్యాదస్తులు "సరేనండి" అంటారు. ఆ సరేకి అర్థం చేస్తామని కాదు, ఇంక ఆపండి అని.

పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ఆ విజిట్ చాలా బాగా జరిగినట్టే ఉంటుంది. గొడవ లేదు, ఫారం నిండింది, ఆమె నవ్వుతూ సాగనంపింది. ఒక్క గుర్తు మాత్రం దొరుకుతుంది: ఇంటికి వెళ్తూ మొత్తం మాటల్లో మీవి ఎన్ని, ఆమెవి ఎన్ని అని గుర్తు చేసుకోండి. ముప్పావు వంతు మీవే అయితే తేలిపోయినట్టే.

ఉదాహరణకి, పాపను బోర్లా పడుకోబెట్టారు. చూడగానే "అలా వద్దమ్మా, వెల్లకిలా వేయాలి" అనేస్తాం. సలహా నూటికి నూరుపాళ్లు నిజం. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక, నిద్రలో ఉన్నట్టుండి పోయే పిల్లల మరణాలు తర్వాతి ఏళ్లలో దాదాపు సగానికి తగ్గాయి. కానీ నిజం చెప్పినంత మాత్రాన రాత్రి రెండింటికి ఆమె చేతులు మారవు. అదే సంభాషణ ఇలా నడపండి:

"రాత్రిళ్లు పాప నిద్ర ఎలా ఉంది?"
"వెల్లకిలా వేస్తే ఉలిక్కిపడి లేస్తుందండీ. బోర్లా వేస్తేనే రెండు గంటలు కదలదు."
"అంటే మీకు కాస్త కునుకు దొరికేది అప్పుడే."
"అవునండీ, పగలంతా తల తిరిగిపోతుంది."

ఇప్పుడు తెలిసింది అసలు సంగతి. బోర్లా పడుకోబెట్టడం ప్రమాదమని ఆమెకు ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండొచ్చు కూడా, ఆమెకు కావలసింది నిద్ర. ఇక్కడ మీరు ఆమె మాటనే తిరిగి చెప్పారు, ప్రశ్న వేయలేదు, అందుకే తర్వాతి మాట దానంతట అదే వచ్చింది. అప్పుడు అనుమతి అడగాలి: "దీని గురించి నాకు తెలిసింది చెప్పనా?" ఇలా అడిగితే దాదాపు ఎవరూ వద్దనరు, పైగా అప్పుడు వింటారు. ప్రమాదం సంగతి మెత్తబరచకుండా రెండు వాక్యాల్లో చెప్పండి. ఉలికిపాటు ఈ వయసులో మామూలేనని, నాలుగు నుంచి ఆరు నెలల లోపు తగ్గిపోతుందని చెప్పండి. దించేటప్పుడు నెమ్మదిగా దించి, కాసేపు ఛాతీ మీద చేయి ఆనించి ఉంచితే చాలామంది పిల్లలు సర్దుకుంటారని, బోర్లా వేయడం మెలకువగా ఉన్నప్పుడు ఎవరైనా కనిపెట్టుకుని ఉండగా చేయొచ్చని చెప్పండి. ఆ తర్వాత ఆగిపోవాలి. ఆగి, "ఇవాళ రాత్రి ఇలా చేయాలంటే మీకు ఎక్కడ ఇబ్బంది అవుతుంది?" అని అడగండి. ఈ చివరి ప్రశ్న ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, అసలు అడ్డంకి బయటపడేదేమో ఇక్కడే: "తెల్లవారుజామున పాపను చూసేది మా ఆయన, ఆయన బోర్లానే వేస్తారు."

అడిగాక మౌనం వస్తే దాన్ని నింపకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి, మీకు ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే.

అలాగని ప్రతి దానికీ ఈ తతంగం పెట్టకండి. బిడ్డ పాలు తాగడం మానేసినా, మూర్ఛ వచ్చినా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా "చెప్పనా?" అని అడుగుతూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఒక్క ముక్కలో చెప్పి, వెళ్లే ఏర్పాటు అయ్యేదాకా అక్కడే ఉండండి.

నిర్ణయించేవాళ్లు ఆ గదిలో లేరు

పైన తండ్రి విషయంలో చూసినట్టే. "రాత్రి పాపను ఎవరెవరు చూస్తారు?" అని మొదటి విజిట్‌లోనే అడిగేయండి, తర్వాతిసారి ఆ మనిషి ఇంట్లో ఉండే టైముకి వెళ్లండి. తల్లితో కబురు పంపితే పనవ్వదు, ఆమెకు ఇంట్లో కొత్త తగువు తెచ్చిపెట్టడమే.

ఏమీ మాట్లాడదు, కళ్లు కలపదు, బిడ్డ ఏడ్చినా లేవదు

దీన్ని పొగరనో బద్ధకమనో రాసుకోకండి. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, మీ మాట తీరు ఎంత మార్చినా అది తగ్గదు. ఆ డిప్రెషన్ ఉందేమో తెలుసుకోవడానికి తల్లిని అడిగే ప్రశ్నల పట్టీ, 1987లో వచ్చిన ఎడిన్‌బరో స్కేల్‌లో పదే ప్రశ్నలు ఉంటాయి, శిక్షణ ఉంటే అడగండి, లేకపోతే అడగగలవాళ్ల దగ్గరికి పంపండి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి "లేదు, ఎప్పుడూ రాలేదు" కాక ఇంకే జవాబు వచ్చినా, మొత్తం మార్కులు ఎంత తక్కువున్నా, ఆ రోజే పై వాళ్లకు చెప్పి సాయం అందేలా చూడాలి. అంతవరకూ ఆమెను ఒంటరిగా వదలొద్దు.

మిగతావి

భాష కుదరకపోవడం, మీ ముఖం ఆ ఇంట్లోవాళ్లకు అస్సలు నచ్చకపోవడం, ఇంతకుముందు వచ్చినవాళ్లతో పడిన గొడవ మీ మీద చూపించడం: ఉంటాయి కానీ అరుదు, పైవన్నీ చూశాక కూడా దారి దొరకకపోతే విజిటర్‌ని మార్చమని అడగండి. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ఫారం నింపుతూ తల ఎత్తకుండా మాట్లాడుతుంటే మాత్రం అది అరుదైన కారణం కాదు, మాట పూర్తయ్యేదాకా దాన్ని సంచిలోనే ఉంచండి.