చిప్ లోపలి నెట్‌వర్క్‌లో డిస్‌ప్లేకి బ్యాండ్‌విడ్త్ గ్యారంటీ ఇవ్వడం ఎలా?

సీపీయూ, జీపీయూ, కెమెరా, డిస్‌ప్లే అన్నీ ఒకే నెట్‌వర్క్ మీదుగా డీర్యామ్ (మెయిన్ మెమరీ) దగ్గరికి వెళ్తుంటాయి. డేటా లేటైతే సీపీయూ కాస్త ఆగి మళ్లీ నడుస్తుంది. డిస్‌ప్లేకి ఆగే వీల్లేదు, దాని బఫర్ (డేటాను కాసేపు దాచుకునే చిన్న మెమరీ) ఖాళీ అయిందంటే బొమ్మ చెడినట్టే.

అప్పుడు అందరికీ ముందు తోచేది ప్రయారిటీ పెంచడం. ఏఎక్స్ఐ4లో (చిప్ లోపలి భాగాలు మాట్లాడుకునే ప్రోటోకాల్) క్యూఓఎస్‌కి, అంటే ప్రయారిటీ అంకెకి, 4 బిట్లున్నాయి కాబట్టి డిస్‌ప్లేకి 15 పెట్టేస్తారు, రేపు కెమెరా వాళ్లూ 15 అడుగుతారు, ఇద్దరికీ 15 అయ్యాక ఆ అంకెకి విలువేముంటుంది? ప్రయారిటీ ఎవరు ముందో చెబుతుంది తప్ప ఎంత దొరుకుతుందో చెప్పదు. గ్యారంటీ కావాలంటే లెక్క కట్టి రిజర్వ్ చేయాల్సిందే.

లెక్క ఇలా వేయండి. 1920×1080, సెకనుకు 60 ఫ్రేములు, పిక్సెల్‌కి 4 బైట్లు అంటే సగటున సెకనుకు సుమారు 498 ఎంబీ. ఈ సగటును నమ్మకండి! లైన్ గీసే సమయంలో పిక్సెల్ క్లాక్ 148.5 మెగాహెర్ట్జ్, అంటే ఆ కాసేపూ 594 ఎంబీ వేగం కావాలి. పెద్ద బఫర్ లేకపోతే పట్టించుకోవాల్సింది ఈ అంకెనే.

ఇప్పుడు స్లాట్లు. ఫిలిప్స్ రీసెర్చ్ వాళ్ల ఎథీరియల్ పద్ధతిలో కాలాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కలో లింకు ఎవరిదో టేబుల్‌లో ముందే రాసేస్తారు. 32 బిట్ల లింకు 500 మెగాహెర్ట్జ్ మీద నడిస్తే సెకనుకు 2 జీబీ, 16 స్లాట్ల టేబుల్ అయితే స్లాటుకి 125 ఎంబీ. ఒక స్లాటులో వెళ్లే డేటా ముక్కే ఫ్లిట్; మూడు పదాల (పదం అంటే 32 బిట్లు) ఫ్లిట్‌లో ఒకటి హెడర్‌కి పోతే మిగిలేది 83 చిల్లర, కాబట్టి 594కి 8 స్లాట్లు కావాలి. వాటిని 0 నుంచి 7 దాకా వరసగా ఇచ్చారనుకోండి, స్లాటు 6 నానోసెకన్లు కాబట్టి 7వది తప్పిపోయిన డేటా 54 నానోసెకన్ల దాకా ఎదురుచూడాలి. స్లాటు విడిచి స్లాటు ఇస్తే 12 నానోసెకన్లు చాలు. బ్యాండ్‌విడ్త్ ఒకటే, ఆలస్యంలో ఎంత తేడానో చూడండి. రౌటర్ దాటిన ప్రతిసారీ స్లాటు నంబరు ఒకటి ముందుకు జరగాలి, మొదటి లింకులో 4 అయితే తర్వాతి దాంట్లో 5, అదీ ఖాళీగా ఉంటేనే ఆ దారి పనికొస్తుంది.

డిస్‌ప్లే చదివేది కాబట్టి భారమంతా మెమరీ నుంచి వచ్చే దారిదే, రిక్వెస్టు దారికి ఒకటి రెండు స్లాట్లు సరిపోతాయి. సీపీయూని బెస్ట్ ఎఫర్ట్‌లో (గ్యారంటీ లేకుండా, దొరికినంత) వదిలేయండి, వాడని స్లాట్లు ఎలాగూ దానికి దొరుకుతాయి.

చాలామంది మర్చిపోయేది చివరి కొస. డిస్‌ప్లే వైపు బఫర్ చిన్నదై క్రెడిట్లు (బఫర్‌లో చోటుందని పంపేవాళ్లకి చెప్పే లెక్క) సమయానికి వెనక్కి రాకపోతే స్లాటు ఉండి కూడా వృథా. మెమరీ కంట్రోలర్ తనకి నచ్చిన వరసలో రిక్వెస్టులు తీసుకుంటుంటే, డీర్యామ్ రిఫ్రెష్ కూడా అడ్డొస్తుంటే, నెట్‌వర్క్ ఇచ్చిన గ్యారంటీ గేటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే బఫర్ సైజు, కంట్రోలర్ వైపు అత్యధిక ఆలస్యం కూడా ఇదే లెక్కలో కలపండి.

టెస్టులో మిగతా మాస్టర్లన్నిటినీ (సీపీయూ, జీపీయూ, కెమెరా లాంటి రిక్వెస్టులు పంపేవాటిని) ఫుల్ స్పీడులో వదిలి, డిస్‌ప్లే ఆలస్యంలో సగటు కాకుండా అత్యధికం ఎంతో చూడండి. ఆ అంకె మీరు కాగితం మీద వేసిన హద్దు దాటిందంటే ఎక్కడో రిజర్వ్ కాని లింకో, లెక్కలోకి రాని ఆలస్యమో ఉందన్నమాట, ముందు దాన్ని వెతకండి.