మద్రాసు గవర్నర్ల ఉత్తరాల్లో మీ ఊరిని వెతకడం ఎలా

మాది కశింకోట. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు మా ఊరి పేరు కోసం మూడు రోజులు ఈస్టిండియా కంపెనీ నాటి కాగితాల పుటలు తిప్పాను. కనబడలేదు. నేను కె అక్షరంతో వెతికాను. కంపెనీ రైటర్లు, అంటే గుమాస్తాలు, సి తో మొదలుపెట్టి, మధ్యలో రెండు ఎస్‌లు వేశారు. పైగా ఆనాటి చేతిరాతలో జంట ఎస్‌లలో మొదటిది పొడుగ్గా సాగి ఎఫ్‌లా ఉంటుంది. మా ఊరు నా కళ్ల ముందు నుంచే దాటిపోయింది.

అందుకని మీ ఊరి పేరు, జమీందారు పేరు ఇంగ్లీషువాడి చెవికి ఎలా వినబడి ఉంటాయో ముందే నాలుగైదు రకాలుగా రాసుకోండి. ఏలూరు ‘ఎల్లోర్’, శ్రీకాకుళం ‘చికాకోల్’, నిజాంపట్నం ‘పెట్టిపోలీ’. విజయరామరాజు ‘విజరామ్ రౌజ్’ అయ్యాడు. ‘జెంటూ’ అని కనబడితే చాలాసార్లు మనమే, మన తెలుగే. కౌల్, కిస్ట్, పేష్‌కుష్ లాంటి మాటలు పైకి పలకండి, మన కౌలు, కిస్తీ, పేష్కషే (జమీందార్లు కట్టే కప్పం) వినబడతాయి. పగోడా అంటే వరహా.

గవర్నరు లండన్‌కి రాసిన ఉత్తరంతో మాత్రం మొదలుపెట్టకండి. అది ఆఖరున తయారయ్యేది. విశాఖపట్నం చీఫో (అక్కడి కంపెనీ పెద్ద), మచిలీపట్నం చీఫో రాసిన ఉత్తరం ముందు మద్రాసులో గవర్నరుండే సెయింట్ జార్జి కోటకు చేరుతుంది. గవర్నరూ కౌన్సిలూ కూర్చుని చదువుతారు, వాదించుకుంటారు. ఆ ఉత్తరం నకలు, చర్చ, ఎదురు చెప్పినవాళ్ల మాటలు ‘కన్సల్టేషన్స్’ పుస్తకంలోకి ఎక్కుతాయి. వాటినే తర్వాత కుదించి, పేరాలకు నంబర్లు వేసి ఓడ ఎక్కిస్తారు. కిస్తీ ఎవరు కట్టలేకపోయారు, ఎందుకు అన్నది కన్సల్టేషన్స్‌లో పేజీలకు పేజీలు ఉంటే, లండన్ ఉత్తరంలో మిగిలేది ఒకటి రెండు వాక్యాలు. మన ఊళ్లు ఆ కుదింపులోనే మాయమవుతాయి. సైన్యం సంగతులకు 1752 నుంచి, శిస్తు సంగతులకు 1774 నుంచి వేరే సంపుటాలు ఉన్నాయి.

జవాబు ఎప్పుడొచ్చిందో కూడా చూసుకోవాలి. ఓడకు ఒకవైపే ఆరు నెలలు పట్టేది. 1778లో గవర్నర్ రంబోల్డ్, ఊళ్లు తిరిగి శిస్తు సంగతులు విచారించాల్సిన సర్క్యూట్ కమిటీని ఆపేసి, ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకే రమ్మన్నాడు. తీరం వెంబడి ఎన్నో వారాల ప్రయాణం, అప్పటికే మోయలేని అప్పులు. ఆ ఉత్తర్వు సంగతి చదివిన రోజు నాకు కోపం ఆగలేదు. లండన్ డైరెక్టర్లు రంబోల్డ్‌ని తొలగించింది 1781లో. అతను 1780లోనే మద్రాసు విడిచి వెళ్లిపోయాడు! అందుకే ఉత్తరం తేదీ నుంచి కనీసం ఏడాదిన్నర ముందుకెళ్లి జవాబు వెతకండి. జవాబుల్లోనూ పేరా నంబర్లు ఉంటాయి, అవే దారి చూపిస్తాయి.

సంతకాలు వదిలేయకండి. 1776 ఆగస్టు 24న కౌన్సిల్‌లో మెజారిటీ వర్గం గవర్నర్ పిగట్‌నే నిర్బంధించింది. ఆ తర్వాత మద్రాసు నుంచి వెళ్లిన ఉత్తరాల్లో మాట్లాడేది ఆ వర్గం నాయకుడు స్ట్రాటన్ పక్షం.

ఇంకో చిక్కు తేదీలది. ఇంగ్లీషువాళ్లు క్యాలెండర్ మార్చడంతో 1752 సెప్టెంబర్ 2 తర్వాతి రోజు సెప్టెంబర్ 14 అయింది. 1751 దాకా వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి జనవరి ఉత్తరం మీద పాత ఏడే ఉండొచ్చు. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నాక కొన్నేళ్లు కంపెనీ పాలన కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోట నుంచి సాగింది. ఆ ఏళ్ల కాగితాలు ఆ కోట పేరు మీద అడగండి.

చెన్నై వెళ్లేముందు ఇంట్లోనే కొంత పని అవుతుంది. సెయింట్ జార్జి కోట రికార్డులను మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. వాటిలో చాలా సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. లండన్‌తో నడిచిన ఉత్తరాలు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ‘ఈ/4’ (E/4) అనే వరుసలో ఉన్నాయి.

నోటుపుస్తకంలో పేజీ నంబరుతో పాటు కన్సల్టేషన్ తేదీ తప్పకుండా రాసుకోండి. కన్సల్టేషన్స్ నకళ్లు లండన్‌కి కూడా పంపేవారు. ఎగ్మూరులో ఒక పేజీ పొడిపొడిగా రాలిపోయి ఉన్నా, అదే తేదీతో అక్కడ అడిగి చూడొచ్చు.