కారు బ్యాడ్జికి స్క్రూడ్రైవర్ పెట్టకండి

చెన్నై ఎండకీ ఉప్పుగాలికీ డిక్కీ మీది బ్యాడ్జి క్రోమ్ పొట్టులా లేచిపోవడం మామూలే. కొత్తది కార్ల విడిభాగాల దుకాణాలుండే జీపీ రోడ్‌లో వెతకండి, కానీ పాత దాని సైజే తీసుకోండి. లేదంటే పాతదాని కింద వెలిసిపోని రంగు నీడలా కనిపిస్తుంది, ఎంత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు.

విప్పే ముందు పై అంచుకూ పక్క అంచుకూ మాస్కింగ్ టేప్ అంటించి హద్దు పెట్టుకోండి. ఇది మర్చిపోతే కొత్త అక్షరాలు వంకరగా కూర్చుంటాయి, వెనక సిగ్నల్లో ఆగిన ప్రతివాడికీ కనిపిస్తాయి. హెయిర్ డ్రయ్యర్‌తో ఒకటి రెండు నిమిషాలు, ఒకేచోట ఆపకుండా వేడి చేయండి. మే నెల మధ్యాహ్నమైతే ఎండే చాలు. డెంటల్ ఫ్లాస్ గానీ గాలం దారం గానీ వెనక దూర్చి రంపంలా లాగితే బ్యాడ్జిని అంటిపెట్టిన ఫోమ్ టేప్ తెగుతుంది. దారం దేనికో తట్టుకుని ఆగిందా, లోపల పిన్నులున్నట్టే. అప్పుడు పక్కకి తిప్పకుండా నేరుగా బయటికి లాగాలి.

మిగిలిన జిగురును బొటనవేలితో దొర్లిస్తే ఉండలు కట్టి వచ్చేస్తుంది. మొండిదానికి కిరోసిన్ గుడ్డ. థిన్నర్ వద్దు, రీపెయింట్ చేసిన చోట రంగే ఊడొస్తుంది. కిరోసిన్ జిడ్డు మీద కొత్త టేప్ పట్టదు కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అతికించి 30 సెకన్లు గట్టిగా నొక్కండి. జిగురు పూర్తిగా పట్టడానికి సుమారు 72 గంటలు, అందాకా ప్రెషర్ వాష్ వద్దు.